వాన వెలిశాక కదిలే కొండ: జారే నేలను నిలబెట్టాలంటే ముందు నీళ్లెందుకు తోడాలి?

సంక్షిప్తంగా: మట్టివాలు జారడానికి చాలాసార్లు అసలు కారణం, ఇంకిన నీరు నేల లోపల పెంచిన ఒత్తిడి. ఆ ఒత్తిడి తగ్గనంతకాలం కింద కట్టిన గోడలూ, లోపలికి దించిన కాంక్రీటు స్తంభాలూ ఎక్కువ రోజులు ఆగవు. కాలిఫోర్నియాలోని పోర్చుగీస్ బెండ్ కొండవాలు దాదాపు ఏడు దశాబ్దాలుగా ఇందుకు సాక్ష్యం. అక్కడ స్తంభాలు విఫలమయ్యాయి, బావులు కొంతవరకు పనిచేశాయి, ఆ బావులు చేరని లోతులో కొండ మళ్లీ కదిలింది.

ఆగస్టు ఎండలో నడిచిన నేల

2024 ఆగస్టులో అమెరికా పశ్చిమ తీరాన, లాస్ ఏంజెలెస్‌కు దక్షిణంగా ఉన్న రాంచో పాలోస్ వెర్డెస్ పట్టణంలోని ఈ పోర్చుగీస్ బెండ్ కొండవాలు కొన్నిచోట్ల వారానికి అడుగు చొప్పున సముద్రం వైపు జరిగింది. ఆ తీరంలో ఆగస్టు నెల పొడిగా ఉంటుంది, వాన పేరే వినిపించదు. అయినా గోడలు చీలాయి, రోడ్లు అలల్లా లేచాయి. వేసవిలో గ్యాస్ సరఫరా ఆపేశారు. సెప్టెంబరు మొదట్లో కొన్ని వీధులకు కరెంటు కూడా తీసేశారు. తీగ తెగి నిప్పు రాజుకుంటే ఎండిన పొదల్లో మంట ఆగదని భయం. 1951లో లాయిడ్ రైట్ రూపకల్పనలో కట్టిన ప్రసిద్ధ గాజు ప్రార్థనా మందిరం వేఫేరర్స్ చాపెల్‌ను ఫిబ్రవరిలోనే మూసి, తర్వాత ముక్కలుగా విప్పి భద్రపరిచారు.

ఈ పట్టణంలో పాలోస్ వెర్డెస్ డ్రైవ్ సౌత్ అనే రోడ్డు వెంట వెళితే కారణం సగం కళ్లకు కనిపిస్తుంది. మురుగునీటి గొట్టాలు నేలలో పూడ్చి ఉండవు. రోడ్డు పక్కన, నేలపైనే పరిచి ఉంటాయి. వంగి, సాగి సర్దుకునే అతుకులు వాటికి ఉంటాయి. కింద నేల జరిగినప్పుడల్లా సిబ్బంది వచ్చి గొట్టాన్ని సరిచేస్తారు, రోడ్డుకు మళ్లీ తారు వేస్తారు. ఇక్కడి నేల ఒక ఏడాది నెమ్మదిస్తుంది, ఒక ఏడాది వేగం పుంజుకుంటుంది, 1956 నుంచి పూర్తిగా ఆగింది లేదు.

చినుకు లేని నెలలో వేగం ఎందుకు పెరిగింది? జవాబు అంతకుముందు రెండు శీతాకాలాల్లో ఉంది. 2022–23లోనూ, 2023–24లోనూ అక్కడ అసాధారణ వర్షాలు కురిశాయి. ఆ నీరు పైన వెంటనే పారిపోయినా, లోపలికి దిగిన భాగం లోతు పొరలను చేరడానికి నెలలు తీసుకుంది.

జారుడు కాదు, తేలిక

నీళ్లు తగిలితే మట్టి తడిసి సబ్బులా జారుతుందని సాధారణంగా అనుకుంటారు. ఈ ఊహ నిజానికి దూరం. వాలును కదిలించేది నీటి నునుపు కాదు, నీటి ఒత్తిడి.

మట్టి అంటే రేణువులూ, వాటి మధ్య సందులూ. పై మట్టి బరువు కింది రేణువులను ఒకదానికొకటి అదుముతుంది. ఆ అదుములో పుట్టే రాపిడే వాలును నిలబెడుతుంది. సందుల్లో నీరు నిండితే, ఆ నీరు అన్ని వైపులా నొక్కుతూ రేణువులను విడదీయడానికి చూస్తుంది. అంటే పై బరువులో కొంత నీరు మోసేస్తుంది. రేణువుల మీద పడే అదుము ఆ మేరకు తగ్గుతుంది, రాపిడీ తగ్గుతుంది. నీటికి రాపిడి లేదు కనుక అది మోసిన బరువు వాలును పట్టి ఉంచడానికి పనికిరాదు. 1920లలో ఆస్ట్రియా ఇంజినీరు కార్ల్ టెర్జాగీ ఈ సూత్రాన్ని స్పష్టంగా చెప్పిన తర్వాతే మృత్తికా యాంత్రిక శాస్త్రం ఒక శాస్త్రంగా నిలదొక్కుకుంది.

చిన్న లెక్క వేస్తే విషయం తేలుతుంది. తడిసి నిండిన మట్టి ఘనపు మీటరుకు సుమారు 2 టన్నులు తూగుతుంది. 10 మీటర్ల లోతులో చదరపు మీటరు మీద పడే బరువు 20 టన్నులు. నీటి మట్టం పైదాకా ఉంటే అదే లోతులో నీరు పైకి నెట్టే ఒత్తిడి 10 టన్నులు. రేణువులకు మిగిలేది 10 టన్నులు, అంటే సగమే. కిందికి లాగే బరువు మాత్రం ఏమీ తగ్గలేదు. పొడిగా ఉన్నప్పుడు 30 డిగ్రీల వాలు వరకు నిలిచే ఇసుక మట్టి, నీరు వాలు వెంట దిగువకు ఊరుతూ పైదాకా నిండితే దాదాపు 16 డిగ్రీల దగ్గరే నిలకడ కోల్పోతుంది. కొండ ఏటవాలు మారలేదు, మట్టి మారలేదు. మారింది లోపలి నీటి మట్టం ఒక్కటే.

పిల్లలు ఇసుకలో కట్టే పిచ్చుకగూళ్లలో ఇదంతా చిన్న రూపంలో ఉంది. పొడి ఇసుకతో గూడు నిలవదు. చెమ్మ ఇసుకతో చక్కగా నిలుస్తుంది, ఎందుకంటే రేణువుల మధ్య సన్నటి నీటిపొర వాటిని దగ్గరికి లాగుతుంది. నీళ్లు పోసి నింపేస్తే ఆ లాగుడు పోయి, తోపుడు మొదలై, గూడు కూలుతుంది. ఒకే నీరు కొంచెంగా ఉన్నప్పుడు పట్టు ఇస్తుంది, నిండినప్పుడు ఆ పట్టును తీసేస్తుంది.

చెరువు కట్టలు చూసుకునే వారికి మరో రూపం తెలుసు. నిండు చెరువును ఒక్కసారిగా ఖాళీ చేస్తే నీటివైపు వాలు జారుతుంది. అప్పటిదాకా బయటి నీరు కట్టను ఆనుకుని నిలబెట్టింది. అది పోయింది, కట్ట లోపలి నీరు మాత్రం ఇంకా దిగలేదు. కాలువకు నీళ్లు హఠాత్తుగా కట్టేసినప్పుడు గట్టు లైనింగు పలకలు ఊడి జారడానికీ కారణం ఇదే.

రేగడి చుట్టం

పోర్చుగీస్ బెండ్‌లో నీటికి తోడు ఒక బలహీన పొర ఉంది. కోటి ఏళ్లకు పైగా కిందట పడిన అగ్నిపర్వత బూడిద రూపాంతరం చెంది బెంటొనైట్ అనే బంకమట్టిగా మారింది. ఆ పొరలు సముద్రం వైపుకు వాలి ఉన్నాయి. బోరు తవ్వేటప్పుడు, భూగర్భ గోడలు పోసేటప్పుడు గొయ్యి కూలకుండా నింపే చిక్కటి ద్రవం ఈ బెంటొనైట్‌తో చేసేదే. మన నల్లరేగడిని వానాకాలం ఉబ్బించి, ఎండాకాలం నెర్రెలు విచ్చేలా చేసే ఖనిజాలు కూడా ఈ కుటుంబానివే. ఇలాంటి బంకమట్టి ఒకసారి జారితే, దాని రేకులన్నీ జారిన దిశలో సర్దుకుని అద్దంలా నునుపు తేలుతాయి. ఆ తర్వాత అది పది డిగ్రీల లోపు వాలులో కూడా కదలగలదు. అందుకే ఒకసారి జారిన చోటే మళ్లీ మళ్లీ జారుతుంది. పాత జారుడును గుర్తించకుండా దాని మీద రోడ్డో, కాలనీయో వేయడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు.

ఇక్కడా అదే జరిగింది. ఆ వాలు పురాతన జారుడు ప్రాంతమని భూగర్భ పటాల్లో 1940లలోనే నమోదైంది. అయినా ఇళ్లు కట్టారు, ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు పెట్టుకున్నారు. 1956లో క్రెన్‌షా బూలెవార్డ్ రోడ్డు పొడిగింపు పనుల్లో తవ్విన మట్టిని వాలు తలభాగంలో పోశారు. ఆ ఏడాది ఆగస్టులో నేల కదిలింది. వందకు పైగా ఇళ్లు పనికిరాకుండా పోయాయి. రోడ్డు పనులే ప్రేరణ అని తేలడంతో లాస్ ఏంజెలెస్ కౌంటీ పరిహారం కట్టాల్సిందేనని 1965లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు నిర్ధారించింది.

ఈ చరిత్రలో ఆసక్తికరమైన భాగం చికిత్స. 1957లో ఇరవైకి పైగా కాంక్రీటు స్తంభాలు దించారు. ఒక్కొక్కటి నాలుగడుగుల వ్యాసం. జారే పైపొరను కింది గట్టి పొరకు మేకులతో బిగించినట్టు పట్టి ఉంచాలన్నది ఆలోచన. కొన్ని నెలలు వేగం తగ్గింది. తర్వాత నేల ఆ స్తంభాలను వంచింది, కొన్నింటిని పెకిలించింది, తన దారిన తాను పోయింది. లోపలి ఒత్తిడి యథాతథంగా ఉండగా రెండు వందల యాభైకి పైగా ఎకరాల మట్టిని ఇరవై స్తంభాలతో ఆపాలనుకోవడం అత్యాశే.

పక్కనే ఉన్న అబలోన్ కోవ్ వాలు 1970లలో కదలడం మొదలుపెట్టింది. అక్కడ వేరే దారి పట్టారు. 1980ల మొదట్లో స్థానిక ఇళ్ల యజమానులు చట్టబద్ధమైన నివారణ జిల్లా (జారుడును అరికట్టే స్థానిక సంస్థ) ఒకటి ఏర్పాటు చేసుకుని, బావులు తవ్వి భూగర్భజలం తోడారు. నీటి మట్టం దిగేకొద్దీ కదలిక దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. తర్వాత మురుగునీటి లైన్లు వేసి సెప్టిక్ ట్యాంకుల నుంచి నేలలోకి దిగే నీటినీ తగ్గించారు. రెండు వాలులూ ఒకే కొండవి, భూగర్భ నిర్మాణం కూడా ఒకే తరహాది. ఫలితంలో తేడా తెచ్చింది పంపు.

మరి 2024లో ఎందుకు తప్పింది? ఆ ఏడాది జరిపిన లోతైన తవ్వకాల్లో సుమారు 330 అడుగుల కింద మరో జారుడు పొర చురుగ్గా ఉన్నట్టు బయటపడింది. పాత బావులు ఆ లోతుకు చేరేవి కావు. పై అంతస్తు ఆరబెడుతూ ఉండగా కింది అంతస్తులో నీరు ఒత్తిడితో నిండింది. దాంతో పట్టణ యంత్రాంగం లోతు బావుల మీదికి దృష్టి మళ్లించింది. నాసా విమానం నుంచి తీసిన రాడార్ కొలతల ప్రకారం 2024 సెప్టెంబరు 18 నుంచి అక్టోబరు 17 వరకు గరిష్ఠ వేగం వారానికి 4 అంగుళాలు. వేసవి శిఖరంతో పోలిస్తే ఇది మూడో వంతు. వాన లేకపోవడం వల్ల ఎంత తగ్గింది, బావుల వల్ల ఎంత తగ్గింది అని వేరు చేసి చెప్పడం తేలిక కాదు. వేగం తగ్గినా నేల ఇప్పటికీ ప్రమాదకరమే.

నీటికి దారి చూపడం ఎలా

మొదటి పని అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది: నీరు లోపలికి పోకుండా చూడటం. వాలు తలభాగానికి పైన, పగుళ్లకు దూరంగా, లోపలి నుంచి నీరు ఇంకని లైనింగుతో ఒక కాలువ తీసి పైనుంచి వచ్చే వాననీటిని పక్కకు మళ్లించాలి. నేలపై కనిపించే పగుళ్లలో బంకమట్టి కూరి మూయాలి. తెరిచి ఉన్న పగులు వాననీటిని నేరుగా జారుడు పొరకు చేర్చే బావి లాంటిది. అందులో నిలిచిన నీరు పక్కకు నెట్టే ఒత్తిడి కూడా తక్కువేమీ కాదు. పగిలిన నీళ్ల గొట్టాలు, కారే ట్యాంకులు, తోటల్లో పారించే నీరు అన్నీ లెక్కలోకి వస్తాయి.

ఇంకుడు గుంత విషయం ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మైదానంలో ఇంటింటికీ ఇంకుడు గుంత ఉండటం మంచి పద్ధతే, భూగర్భజలం పెరుగుతుంది. జారే స్వభావం ఉన్న వాలు మీద అదే గుంత ప్రమాదం. అక్కడ కావలసింది భూగర్భజలం తగ్గడం. ఒకే సలహాను కొండకూ, మైదానానికీ ఇవ్వడం కుదరదు.

రెండో దశ లోపలి నీటిని బయటికి తీయడం. లోతు తక్కువైతే వాలు దిగువకు నిలువుగా కందకాలు తవ్వి, వడపోత గుడ్డ పరిచి, కంకర నింపుతారు. ఇంకా లోతైతే అడ్డంగా బోర్లు వేస్తారు. బావిలో ఊట పెంచడానికి రైతులు బావి గోడలోకి వేయించే సైడు బోరుకూ, దీనికీ పని ఒకటే, ఉద్దేశం వేరు. వాలు పాదం దగ్గర యంత్రం పెట్టి, కొద్దిగా పైకి ఎత్తిన కోణంలో కొండలోకి పదుల మీటర్లు తవ్వి, సన్నని చీలికలున్న పీవీసీ గొట్టం దూరుస్తారు. నీరు తనంతట తానే బయటికి కారుతుంది. కరెంటు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. కాలిఫోర్నియా రహదారుల శాఖ 1939లోనే ఈ పద్ధతి మొదలుపెట్టింది.

ఇక్కడ అనుభవం లేని కంటికి ఒక మోసం ఎదురవుతుంది. గొట్టం నుంచి బొటాబొటా చుక్కలే రాలుతుంటే పని విఫలమైందనిపిస్తుంది. బంకమట్టిలో నీరు ఎంత నెమ్మదిగా కదులుతుందంటే, అక్కడ ఒత్తిడి తగ్గించడానికి పెద్ద మొత్తంలో నీరు తీయనక్కర్లేదు. కొలవాల్సింది బయటికి వచ్చిన బిందెలు కాదు, లోపల పిజోమీటరు (నేలలోని నీటి ఒత్తిడిని కొలిచే పరికరం) చూపే ఒత్తిడి. దీనికి భిన్నంగా ధారగా నీరు వస్తున్నా ఒత్తిడి దిగని గొట్టాలూ ఉంటాయి. అవి జారుడు పొరతో సంబంధం లేని మరో ఊటను తాకి ఉంటాయి.

ఒత్తిడి చాలా లోతులో ఉంటే బావులూ, సొరంగాలే దిక్కు. స్విట్జర్లాండ్‌లోని కాంపో వల్లేమాజ్జా ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ సుమారు 80 కోట్ల ఘనపు మీటర్ల కొండ, దాని మీద రెండు పల్లెలతో సహా, వందేళ్లకు పైగా జరుగుతూ వచ్చింది. పాదాన్ని నది కోసేయడమే కారణమని ఒక వర్గం, లోపలి నీటి ఒత్తిడే కారణమని మరో వర్గం దశాబ్దాలపాటు వాదించుకున్నాయి. 1990లలో రెండు పనులూ చేశారు. నదిని సొరంగంలోకి మళ్లించారు. కదిలే కొండ కింద గట్టి రాతిలో దాదాపు 1.8 కిలోమీటర్ల నీటిపారుదల సొరంగం తవ్వి, అందులోంచి పైకి బోర్లు వేశారు. లోతు పొరల్లో ఒత్తిడి దిగింది, కదలిక ఆగింది. సొరంగం పని నడుస్తుండగానే ఒత్తిడి, వేగం రెండూ కలిసి పడిపోవడం ఆ పాత వాదానికి జవాబు ఇచ్చింది.

గోడకు ఎప్పుడు చోటు

గోడలు పనికిరావని దీని అర్థం కాదు. రోడ్డు పక్కన రెండు మూడు మీటర్ల మందం మట్టి మాత్రమే జారుతున్నప్పుడు, గట్టి నేల దగ్గరలోనే దొరికినప్పుడు గోడ సరైన జవాబే. అయితే నీరు కారే రంధ్రాలు లేని కాంక్రీటు గోడ వెనక మట్టి ఆరదు. ఆ గోడ తెలియకుండానే ఆనకట్టగా మారుతుంది, మట్టితోపాటు నీటి బరువునూ మోయాల్సి వస్తుంది. కూలిన గోడలను పరిశీలిస్తే తరచూ కనిపించేది ఇదే: రంధ్రాలు అసలు లేకపోవడం, లేదా ఉన్నా వెనక కంకర పొర లేక బంకమట్టితో పూడిపోయి ఉండటం. తీగ వలల్లో రాళ్లు నింపి పేర్చే గేబియన్ గోడలకు ఈ బాధ తక్కువ. వాటి ఒళ్లంతా సందులే.

గోడకంటే సాదాగా కనిపించినా బలమైన ఉపాయం పాదానికి బరువు వేయడం. జారే మట్టి సాధారణంగా వంపు తిరిగిన తలం మీద కదులుతుంది. తలభాగం కిందికి నెట్టుతుంది, పాదం ఎదురు తన్నుతుంది. కాబట్టి పైన బరువు తీసి కింద రాళ్లు పోస్తే రెండు వైపులా లాభం. దీన్ని తిరగేసి పైన మట్టి పోసి, కింద రోడ్డు కోసం తవ్వితే రెండు వైపులా నష్టం. 1956లో క్రెన్‌షా పనుల్లో పైన మట్టి పోయడం జరిగింది. కొండ అంచు ఊళ్లలో ఇంటి స్థలం కోసం పాదం కోసేయడం నిత్యం జరిగేదే. ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టోన్ వారెన్ వద్ద 1915 డిసెంబరు 19న తీరం వెంబడి రైలు మార్గం నేలతోపాటు సముద్రం వైపు జారింది. 1919 దాకా ఆ లైను తెరవలేదు. తర్వాత అక్కడ నీరు తీసే సొరంగాలు తవ్వారు, తీరాన పాదం మీద భారీ కాంక్రీటు బరువులు పేర్చారు. నీరు తీయడం, పాదం బరువు పెంచడం రెండూ కలిసి పనిచేయడం వల్లే ఆ మార్గం నేటికీ వాడుకలో ఉంది.

మొక్కల మాట కూడా తరచూ వస్తుంది. వట్టివేరు వేళ్లు రెండు మూడు మీటర్ల వరకు నిలువుగా దిగి పైమట్టిని అల్లుకుంటాయి. వాన కోతను, పైపై జారుళ్లను అది బాగా ఆపుతుంది. 30 మీటర్ల లోతున జారే కొండకు వట్టివేరు నాటడం మాత్రం కదిలే బండి మీద గడ్డి పెంచినట్టే.

నిర్లక్ష్యం ఖరీదు: ఆబర్‌ఫాన్

ఊట మీద మట్టి పోస్తే ఏమవుతుందో వేల్స్ దేశం 1966 అక్టోబరు 21న చూసింది. ఆబర్‌ఫాన్ గ్రామం పైన కొండ మీద బొగ్గుగని వ్యర్థాలు కుప్పలుగా పోసేవారు. 1958లో మొదలుపెట్టిన ఏడో నంబరు కుప్ప సరిగ్గా సహజ ఊటల మీద పడింది. ఆ ఊటలు ప్రభుత్వ పటాల్లో గుర్తించి ఉన్నవే. ఆ ఉదయం కుప్ప నీటితో కలిసి ద్రవంలా మారి కిందికి దూకింది, పాఠశాలను కప్పేసింది. 144 మంది చనిపోయారు, వారిలో 116 మంది పిల్లలు. పోర్చుగీస్ బెండ్ నెలలు, ఏళ్లు కదులుతుంది, మనుషులు సామాను సర్దుకుని వెళ్లే సమయం ఇస్తుంది. వదులుగా పోసిన మట్టి నీటితో నిండి కూలితే నిమిషాలే మిగులుతాయి. 2024 జులై 30న కేరళ వయనాడ్‌లో రెండు వందలకు పైగా ప్రాణాలు తీసిన జారుడు కూడా ఈ వేగవంతమైన రకమే. బావులు, బోర్లు నెమ్మది జారుళ్లకు మందు. వేగవంతమైన వాటి విషయంలో ముందుగా ఖాళీ చేయించడం, ఆ దారిలో ఇళ్లు కట్టనివ్వకపోవడమే ప్రధానం.

తెలుగు నేల మీద

తెలుగు రాష్ట్రాల్లో వార్తలకెక్కే ఘటనలు ఎక్కువగా రాతివాలులకు సంబంధించినవి. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద 2020 అక్టోబరు 21న, తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద 2021 డిసెంబరు 1న బండలు విరిగిపడ్డాయి. 2024 ఆగస్టు 31న భారీ వర్షంలో విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. రాతిలో నీరు రేణువుల మధ్య కాక చీలికల్లో నిలిచి, బండలను పక్కకు నెట్టుతుంది. వాటికి ఇనుప వలలు, రాతి బోల్టులు వాడతారు. చీలికల్లోని నీటికి దారి చూపడం మాత్రం అక్కడా తప్పదు. తిరుమల ఘటన నవంబరు కుంభవృష్టి తర్వాత జరిగిందన్నది గమనించాలి.

లోతైన మట్టి జారుళ్లకు అనుకూలమైన నేల తూర్పు కనుమల్లో ఉంది. అక్కడి ఖోండలైట్ రాయి ఏళ్ల తరబడి శిథిలమై ఎర్రటి, బంక గుణమున్న మందపాటి మట్టిగా మారుతుంది. కొత్తవలస–కిరండుల్ రైలు మార్గంలో అనంతగిరి ఘాట్ భాగంలో వానాకాలం మట్టిపెళ్లలు పట్టాల మీదికి రావడానికి ఈ నేల కూడా ఒక కారణం. పట్టణ కొండల మీద మరో సమస్య కలుస్తుంది. పాదం కోసి వరుసలు వరుసలుగా కట్టిన ఇళ్ల వాడుక నీరు, కాలువ లేక, కింది ఇంటి వెనక మట్టిలోకే దిగుతుంది. వానాకాలం లేకపోయినా ఆ వాలుకు ప్రతిరోజూ చిన్న వానే.

ప్రమాద సంకేతాలు మామూలు కంటికే అందుతాయి. వాలు పైభాగంలో నెలవంక ఆకారంలో పగులు, పాదం దగ్గర నేల ఉబ్బడం, కరెంటు స్తంభాలు ఒకే వైపుకు ఒరగడం, తలుపులు హఠాత్తుగా బిగుసుకోవడం. వీటన్నిటికంటే ముఖ్యమైనవి ఊట గురించిన మార్పులు. కొత్తచోట నీరు ఊరడం, తేటగా వచ్చే ఊట బురదగా మారడం, ఎప్పుడూ పారే ఊట ఒక్కసారిగా ఆగిపోవడం. చివరిది చాలామందిని ఏమరుస్తుంది. నీరు తగ్గిందని సంతోషిస్తారు, నిజానికి దాని దారి మూసుకుపోయి లోపలే పోగవుతూ ఉండవచ్చు.

ఎంతకాలం తోడాలి?

నీటి చికిత్సకు ఒక పెద్ద లోపం ఉంది: అది ఎప్పటికీ పూర్తి కాదు. గోడ కట్టి రిబ్బను కత్తిరించవచ్చు. అడ్డబోరు గొట్టాన్ని ఇనుప తుప్పు లాంటి జిగట, చెట్ల వేళ్లు, సన్నమట్టి కొన్నేళ్లలో పూడుస్తాయి. క్రమం తప్పకుండా ఒత్తిడి నీటితో కడగాలి. బావి పంపులు కాలిపోతాయి, కరెంటు పోతుంది. కదిలే నేలలో తవ్విన బావి గొట్టమే జారుడు పొర దగ్గర నలిగి తెగిపోతుంది, అప్పుడు మరో బావి తవ్వాలి. ప్రారంభోత్సవం లేని ఈ నిర్వహణ పనులకు బడ్జెట్ దొరకడమే అసలు కష్టం. ఇంజినీరింగు కంటే ఇక్కడే ఎక్కువ పథకాలు విఫలమవుతాయి.

ఆ లెక్క వేసుకుని కొన్నిచోట్ల వదిలేశారు. ఇంగ్లండ్‌లోని మామ్ టోర్ వాలు మీదుగా పోయే ఏ625 రోడ్డుకు దశాబ్దాలపాటు మరమ్మతులు చేసి చేసి, 1979లో శాశ్వతంగా మూసేశారు. ముక్కలైన ఆ తారు పొరలు నేటికీ అక్కడ మెట్లు మెట్లుగా కనిపిస్తాయి.

అబలోన్ కోవ్‌లో బావుల ఖర్చును ఆ నివారణ జిల్లా పరిధిలోని ఇళ్ల యజమానులే పన్ను రూపంలో పంచుకుంటూ వచ్చారు. 2024 అక్టోబరులో రాంచో పాలోస్ వెర్డెస్ పట్టణం దెబ్బతిన్న ఇళ్లను యజమానుల ఇష్టప్రకారం కొనేందుకు 4.2 కోట్ల డాలర్ల పథకం ప్రకటించింది. అలా కొన్న ఇల్లు కూల్చేస్తారు, ఆ స్థలంలో మళ్లీ నిర్మాణానికి అనుమతి ఉండదు. దాంతో ఆ వాలులోకి దిగే ఒక ఇంటి నీరూ తగ్గుతుంది.